పెరటి వాటా

"అక్కడ మేకు దించకండి, జాన్ బాబు గారూ."

జ్యోతిలక్ష్మి గొంతు పెంచలేదు. చెప్పులు మెట్ల మీదే విడిచి, వట్టి కాళ్ళతో పెరట్లోకి దిగి, బట్టలుతికే బండకి నాలుగడుగుల అవతల వెళ్ళి నిలబడింది. అంతే. సుత్తి ఎత్తిన సర్వేయరు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"గీత అక్కడి మీదుగానే పోతుంది మేడం. నిన్న ప్లీడరు గారి దగ్గర మీరిద్దరూ ఒప్పుకున్న ప్లానే కదండీ. తూర్పు సగం మీది, పడమటి సగం సారుది. మధ్యలో గోడ."

"గీత ఇక్కడికొస్తుందని కాగితం మీద తెలియలేదు. ప్లాను మార్చండి."

"ఎట్లా మార్చమంటారు?"

"వీధి వైపు గదులు రెండూ ఆయనకే రాయండి. వరండా, బోరు, గేటు అన్నీ ఆయనకే. నాకు వంటగది, ఈ పెరడు చాలు."

జాన్ బాబు సుత్తి కింద పెట్టాడు. ఇరవయ్యేళ్ళుగా రేపల్లె చుట్టుపక్కల అన్నదమ్ముల మధ్య టేపు పట్టినవాడు. వీధి ముఖం కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళని చూశాడు గానీ, వీధి ముఖం వదిలేసి వెనకవైపు మట్టి కావాలన్న మనిషిని చూడలేదు. ఆమె కళ్ళలోకి చూడలేక, వంటింటి గుమ్మంలో నిలబడ్డ కిరీటి వైపు చూశాడు.

"సార్, మీరేమంటారు?"

కిరీటి చేతిలో ఫోను మోగుతోంది. తెర మీద 'శ్రావ్య' అని పేరు. దాన్ని మోగనిచ్చాడు.

"నేను స్టేషన్ దగ్గర టీ తాగొస్తానండి," అన్నాడు జాన్ బాబు. "మీరిద్దరూ ఒక మాట అనుకోండి. గోడంటే పునాది తవ్వాలి. తవ్వాక మళ్ళీ మార్చమంటే కుదరదు."

తవ్వడం అన్న మాట వినగానే జ్యోతి కాలివేళ్ళు మట్టిలోకి ముడుచుకున్నాయి.

గేటు పడిన చప్పుడైంది. పెరట్లో ఇద్దరే మిగిలారు.

తొమ్మిదేళ్ళు కలిసి బతికారు ఆ ఇంట్లో. బాపట్లలో చదువుకునే రోజుల పరిచయం. ఆమెది నిజాంపట్నం, పడవల మీద బతికే ఇల్లు. అతనిది తెనాలి పక్క నందివెలుగు, పొలం ఉన్న ఇల్లు. పెళ్ళి మాట ఎత్తితే పురుగుమందు తాగుతానన్నాడు అతని తండ్రి బసవేశ్వరరావు. సరే, పెళ్ళి లేకుండానే ఉందామనుకున్నారు. ఆమెకి రేపల్లె దగ్గర బళ్ళో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చాక, ఇద్దరి పేర్ల మీదా ఈ ఇల్లు కొన్నారు. పదకొండు నెలల క్రితం కిరీటి రెండు బ్యాగులతో తెనాలి వెళ్ళిపోయాడు. పెళ్ళి కాలేదు కాబట్టి విడాకులూ లేవు. వాళ్ళిద్దర్నీ ఇంకా కలిపి పట్టుకున్నది ఇంటి దస్తావేజు ఒక్కటే.

ఇప్పుడు అది కూడా తెగాలి. ఆషాఢం వచ్చేలోగా శ్రావ్యతో కిరీటికి పెళ్ళి. ఇంకో ఆడమనిషి పేరు పక్కన అతని పేరు ఏ కాగితం మీదా ఉండకూడదని పెళ్ళివారు కచ్చితంగా చెప్పారు.

"పంతానికి పోకు, జ్యోతీ," అన్నాడు కిరీటి చివరికి. "వీధి వైపు నువ్వే తీసుకో. నీకే మంచిది."

"నాకేది మంచిదో నువ్వు చెప్పొద్దు."

"నా వాటా అమ్మేద్దామనుకుంటున్నాను. నీకు తెలుసుగా."

"అందుకే. కొన్నవాళ్ళు తవ్వుతారు. ఇక్కడ తవ్వుతారు." కాళ్ళ కిందికి చూపించింది. "ఎవరు పడుకుని ఉన్నారో మర్చిపోయావా?"

కిరీటి తల తిప్పుకున్నాడు.

ఏడేళ్ళ కిందట, ఆగస్టు నెల ముసురులో, ఏడో నెలలో పుట్టింది పాప. ఏడవలేదు. ఆసుపత్రివాళ్ళు గుడ్డలో చుట్టి చేతికిచ్చారు. నందివెలుగు పొలంలో ఒక మూల ఇమ్మని కిరీటి తండ్రికి ఫోన్ చేస్తే, "మా ఇంటి పేరు వాళ్ళకే ఆ పొలంలో చోటు," అని పెట్టేశాడాయన. నిజాంపట్నంలో అయితే జ్యోతి కడుపుతో ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. పెళ్ళి కాకుండా కడుపేంటని నాన్న తల దించుకోవాల్సి వస్తుందని, ఏడు నెలలూ పండగలకి కూడా వెళ్ళకుండా దాచింది. ఇంక ఎక్కడికి తీసుకెళ్తారు? ఇంటికే తెచ్చారు. పక్కింటి రత్నం పాపకి నీళ్ళు పోసి, తన పాత ఆకుపచ్చ వాయిలు చీర చింపి చుట్టింది. వానలోనే కిరీటి గడ్డపారతో తవ్వాడు.

ఆ రోజునుంచీ ఆ చోట జ్యోతి వేడినీళ్ళు పారబొయ్యలేదు. గంజి వంచలేదు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం బండ మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ, నెమ్మదిగా మాట్లాడుతూ ఉండేది. అవతల ఎవరో వింటున్నట్టే ఉండేది. ఒక్కోసారి గాలి లేకపోయినా దండెం మీది బట్ట కదిలేది. ఆమె భయపడలేదు ఎప్పుడూ. ఈ జూనుకి రెండో తరగతి, అని లెక్కపెట్టుకుంది మొన్ననే.

"జ్యోతీ," అన్నాడు కిరీటి. "పాప అక్కడ లేదు."

ఆమెకి అర్థం కాలేదు.

"కిందటేడాది ఎన్నికల డ్యూటీకని నువ్వు రెండు రోజులు వెళ్ళావు చూడు. అప్పుడు సెప్టిక్ ట్యాంకు గొయ్యి తీయించాను. నేను అటు తవ్వమని చూపించి షాపుకెళ్ళాను. బోరు పైపు అడ్డొచ్చిందని పనివాళ్ళు ఇటు జరిపారు. నేనొచ్చేసరికి... ఆకుపచ్చ గుడ్డ కనపడింది."

"ఊఁ."

"పూడ్పించి, తేడా తెలియకుండా పైన మట్టి సర్దించేశాను. ట్యాంకు అవతలకి మార్పించాను. కానీ చూశాక మళ్ళీ అక్కడే పెట్టలేకపోయాను. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళాను."

"ఎక్కడికి?"

"మా పొలానికి."

ఆమె అతని మొహంలోకి చూసింది.

"అబద్ధం. నన్ను ఇక్కడినుంచి కదిలించడానికి చెప్తున్నావు."

"నిజం."

"అయితే చూపించు."

"ఇప్పుడా?"

"పన్నెండు గంటల ప్యాసింజరుంది. పద."

* * *

గేటు దాటుతుంటే రత్నం తన వాకిట్లో కనపడింది. డెబ్భై ఏళ్ళుంటాయి. బియ్యం చెరుగుతోంది.

"పిన్నీ, కిందటేడాది ఓట్ల రోజు పొద్దున ఈయన ఇంట్లోంచి ఏమైనా తీసుకెళ్ళడం చూశావా?"

చేట ఆగింది. రత్నం కిరీటి వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూసింది.

"నాకు కళ్ళు సరిగ్గా ఆనవమ్మా."

"పిన్నీ."

"సంచి ఉంది చేతిలో," అంది రత్నం. "బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అడగబుద్ధి కాలేదు. నువ్వొచ్చాక చెప్పబుద్ధీ కాలేదు."

జ్యోతి స్టేషన్ దాకా ముందు నడిచింది. కిరీటి వెనక.

ఆదివారం రైలు, పెద్దగా జనం లేరు. కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. రైలు భట్టిప్రోలు దాటింది. పొలాల్లో ఇంకా దుక్కులు మొదలవలేదు. మొక్కజొన్న మోళ్ళు ఎండలో తెల్లగా ఉన్నాయి.

"కిందటేడాది నుంచి పలకడం మానేసింది," అంది జ్యోతి, కిటికీలోంచి చూస్తూ.

"ఎవరు?"

"ఎవరేంటి? కూర్చుని ఎంతసేపు మాట్లాడినా అవతల ఎవరూ ఉన్నట్టుండేది కాదు. నువ్వు వెళ్ళిపోయావు కదా, నాన్న లేడని అలిగిందనుకున్నాను. నీ మీద కోపం లేదమ్మా, పనిమీద వెళ్ళాడని రోజూ చెప్పేదాన్ని."

కిరీటి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"చెప్పాలనే అనుకున్నాను. డ్యూటీనుంచి వచ్చిన సాయంత్రం నువ్వు సరాసరి పెరట్లోకే వెళ్ళావు. ఏం తల్లీ, రెండు రోజులు బెంగపెట్టుకున్నావా అన్నావు. ఆ మాట విన్నాక ఇంక నోరు రాలేదు. రోజూ నువ్వు ఆ ఖాళీ మట్టితో మాట్లాడుతుంటే లోపల కూర్చుని వినలేకపోయాను."

"అందుకా వెళ్ళిపోయావు?"

అతను తల ఊపాడు. పదకొండు నెలలుగా ఆమె తన తప్పులన్నీ ఏరుకుంటూ కూర్చుంది. మాట పడనందుకా, వంట సరిగ్గా చెయ్యనందుకా, పెళ్ళి సంగతి మళ్ళీ ఎత్తనందుకా అని. ఇది ఒక్కసారీ తట్టలేదు.

వేమూరులో ఒక పెద్దావిడ ఎక్కి జ్యోతి పక్కన కూర్చుంది. తాంబూలం సంచి ఒళ్ళో పెట్టుకుని ఇద్దర్నీ తేరిపార చూసింది.

"తెనాలికా అమ్మా? పెళ్ళికా?"

"కాదండి. పనుండి."

"పిల్లల్ని తీసుకురాలేదే? ఎంతమంది?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకి జ్యోతి 'లేరండి' అని తప్ప ఇంకో జవాబు చెప్పలేదు. నోరు తెరిచేలోగా కిరీటి అన్నాడు.

"ఒక పాపండి."

"బంగారు తల్లి. ఏం చదువుతోంది?"

"రెండో తరగతి," అంది జ్యోతి.

"ఆడపిల్ల చదువుకోవాలమ్మా ఈ రోజుల్లో. పేరేంటి?"

కిరీటి లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. తెనాలి వచ్చేదాకా అక్కడే, ఇనుప కడ్డీ పట్టుకుని, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. పేరు వాళ్ళిద్దరూ ఎప్పుడూ పెట్టలేదు.

* * *

నందివెలుగు పొలం గట్టు మీద ఆటో దిగేసరికి ఎండ నిలువునా ఉంది. కాలవలో ఇంకా నీళ్ళు వదల్లేదు. అడుగున బురద పెచ్చులుగా పగిలి ఉంది.

ఈ పొలం గురించి తొమ్మిదేళ్ళు విన్నది జ్యోతి. అడుగు పెట్టడం ఇదే మొదలు.

కిరీటి మోటారు షెడ్డు దాటి, నాలుగు అరటి చెట్లున్న మూలకి నడిచాడు. అక్కడ ఆగి, అటూ ఇటూ చూశాడు. ఒకడుగు ఎడమకి వేశాడు. మళ్ళీ కుడికి వచ్చాడు.

"ఇక్కడే," అన్నాడు.

"ఇక్కడా, అక్కడా?"

"ఇక్కడే, జ్యోతీ."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మట్టి మీద అరచెయ్యి ఆనించింది. కాలిపోతోంది. చెయ్యి తియ్యలేదు. కళ్ళు మూసుకుని వింది. దూరంగా రోడ్డు మీద లారీ హారను. అరటాకు చిరుగుల చప్పుడు. అంతకంటే ఏమీ లేదు. రేపల్లె పెరట్లో ఏడాదిగా ఉన్న నిశ్శబ్దమే ఇక్కడా ఉంది.

"అబద్ధమాడకురా."

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. షెడ్డు నీడలోంచి బసవేశ్వరరావు బయటికి వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ఫోటోలో చూసిన మనిషిలో సగమై ఉన్నాడు.

"నాన్నా, మీరు ఇంట్లో ఉంటారనుకున్నాను."

"తెలుస్తూనే ఉంది." ఆయన జ్యోతి వైపు తిరిగాడు. తొమ్మిదేళ్ళలో ఆమెతో మాట్లాడిన మొదటి మాట ఇదే. "లేమ్మా. ఎండలో ఆ మట్టి పట్టుకోకు. నీ బిడ్డ అక్కడ లేదు."

జ్యోతి లేవలేదు.

"తెచ్చాడు," అన్నాడాయన. "ఓట్ల రోజు. నేను ఓటుకి బయల్దేరుతున్నాను. సంచి పట్టుకుని ఇదే గట్టు మీద నిలబడ్డాడు. నాన్నా, జానెడు చోటు చాలన్నాడు. నేను..." తువ్వాలుతో నోరు అద్దుకున్నాడు. "మొదటిసారి అన్న మాటే అన్నాను. వెనక్కి పంపించేశాను."

"రెండోసారి కూడానా?" అంది జ్యోతి.

"రెండోసారి కూడా. ఆ తర్వాత ఈ మూలకి రాని రోజు లేదు. సైకిలుకి ఎవరైనా గుడ్డసంచి తగిలించుకుని వస్తున్నారంటే ఇంట్లోకి పోయి తలుపేసుకుంటాను. మనవరాలు సంచిలో వచ్చిందమ్మా నా గడపకి. నేను లోపలికి రానివ్వలేదు."

ఆయన రెండు చేతులూ జోడించబోయాడు.

"వద్దండి," అంది జ్యోతి. "నాకు దండం పెట్టకండి. నేను తీసుకోలేను." లేచి నిలబడి కిరీటి దగ్గరికి వెళ్ళింది. అడుగు దూరంలో ఆగింది. "పిల్లేది?"

అతను చూపు కాలవ వైపు తిప్పుకున్నాడు.

"కిరీటీ, పిల్లేది?"

"తెనాలి స్టేషన్‌కి వెళ్ళాను," అన్నాడు. "బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడికెళ్ళాలో తెలియలేదు. మీ నాన్న దగ్గరికి వెళ్ళాలనుకున్నాను. ఆయనకి అసలు సంగతే తెలియదు కదా. ఒక బండి వచ్చి ఆగితే ఎక్కేశాను. బాపట్ల బోర్డు కనపడగానే దిగాను. మనిద్దరం కలిసిన ఊరు కదాని. అక్కణ్ణించి ఆటోలో సూర్యలంక."

"సముద్రానికా?"

"ఓట్ల రోజని ఒడ్డున ఎవరూ లేరు. నడుము లోతు దాకా నడిచాను. నువ్వు పుట్టింది ఆ నీళ్ళ పక్కనే కదా. నీ వాళ్ళ దగ్గరికే చేరుతుందనుకున్నాను."

జ్యోతి అరచేతికంటిన మట్టి దులుపుకోబోయి ఆగింది.

"నా వాళ్ళు ఆ నీళ్ళలో వల వేస్తారు, కిరీటీ," అంది.

అతను గట్టు మీద కూలబడిపోయాడు. మొహం మోకాళ్ళ మధ్య దాచుకుని ఏడ్చాడు. బసవేశ్వరరావు కొడుకు వైపు ఒకడుగు వేసి, అంతలోనే ఆగిపోయాడు. ముట్టుకునే హక్కు తనకుందో లేదో తెలియనట్టు.

చాలాసేపటికి కిరీటి తలెత్తాడు.

"ఇల్లు నువ్వే తీసుకో. మొత్తం. నా సగం కూడా నీ పేర రాసేస్తాను. రేపే సంతకం పెడతాను."

"పెరట్లో పాప లేదని చెప్పి, పెరడు తీసుకోమంటున్నావా?"

"ఇంకేం ఇవ్వగలను నేను?"

"నువ్వు ఇస్తానంటున్నది ఇల్లు కాదు. ఆ గదులన్నిట్లో ఉన్నదాన్ని నా ఒక్కదాని నెత్తిన పెట్టి, నువ్వు తేలిగ్గా పెళ్ళి పీటల మీద కూర్చోవాలని చూస్తున్నావు." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నేను తీసుకోను. ఇవ్వను కూడా. సగానికీ సంతకం పెట్టను, మొత్తానికీ పెట్టను."

"మరి?"

"శ్రావ్యకి చెప్పు."

కిరీటి మొహం పాలిపోయింది. "ఏం చెప్పమంటావు?"

"నీకో కూతురుందని. ఎక్కడ పెట్టావో, ఎక్కడినుంచి తీశావో, ఎక్కడ వదిలావో. నాకు చెప్పకుండా ఏడాది దాచినట్టు ఆ పిల్లకీ దాచి కాపురం చెయ్యకు. ఆ పిల్ల ఫోన్ చేస్తూనే ఉంది పొద్దుట్నించీ, పాపం. నువ్వు చెప్పావని తను నాతో అన్న రోజున జాన్ బాబు గారు గోడ ఎక్కడ కట్టమంటే అక్కడ కట్టుకుందాం. అందాకా ఆ ఇల్లు రెండు పేర్ల మీదే ఉంటుంది."

"చెప్తే పెళ్ళి ఆగిపోతుంది."

"ఆగొచ్చు."

"ఆగనీ," అన్నాడు బసవేశ్వరరావు, ఎవరి వైపూ చూడకుండా.

జ్యోతి వెనుదిరిగింది. గట్టు మీద నాలుగడుగులు వేశాక కిరీటి గొంతు వినిపించింది.

"నువ్వు చెప్పావా? మీ నాన్నకి?"

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. అయినా ఆ మాట వీపులో దిగబడింది. ఆమె ఆగలేదు.

రోడ్డు మీదికొచ్చి, ఒక వేపచెట్టు కింద నిలబడింది. ఆటోలు రెండు ఆగి, ఆమె కదలకపోవడం చూసి వెళ్ళిపోయాయి. ఏడు నెలలు కడుపులో దాచింది. ఏడేళ్ళు మట్టిలో దాచింది. కిరీటి ఏడాది దాచాడని నిలదీసి వచ్చిన నోటితోనే ఇప్పుడు ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

చేపల వేట నిషేధం ఇంకో వారంలో అయిపోతుంది. రెండు నెలలు ఒడ్డున కట్టేసిన పడవలన్నీ మళ్ళీ సముద్రం మీదికి వెళ్తాయి. నాన్న వెంకటేశ్వర్లు అరవై నాలుగేళ్ళ వయసులో కూడా చుక్కాని వదలడు. జ్యోతి పుట్టకముందునుంచీ సూర్యలంక ఎదురుగా వల వేసే మనిషి. చెప్పకుండా ఆయన్ని ఆ నీళ్ళ మీదికి పంపడం ఎలా? చెప్పి పంపడం ఎలా?

ఫోన్ తీసి నొక్కింది. చాలాసేపు మోగింది. చివరికి, పెద్ద ఇంజను రొద మధ్య, తండ్రి అరుస్తున్నట్టుగా పలికాడు.

"ఏంటమ్మా జ్యోతీ, ఈ వేళప్పుడు? పడవ మీద ఉన్నాను. ఇంజను ఆడించి చూస్తున్నాం."

"నాన్నా, నీకు ఒక మాట చెప్పాలి."

"ఆఁ? వినపడ్డంలే. గట్టిగా చెప్పు."

"నీకు... నాన్నా, ఒక మనవరాలు..."

"ఏంటీ? ఉండు ఉండు." అవతల ఎవరినో కేకేశాడు. ఇంజను దగ్గి, దగ్గి, ఆగిపోయింది. ఒక్కసారిగా పడవ పక్కకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు ఆమె చెవి పక్కనే, చాలా దగ్గరగా, ఎవరో చిన్నగా చప్పట్లు కొడుతున్నట్టు వినిపించింది.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు వెంకటేశ్వర్లు. "వింటున్నాను."